దయామణి టీచరుగారి రాక్షసుడికి నేను తవ్విన కాలవ

బందరులో ఒక ఆదివారం పూట, హాలు నిండా జనం చూస్తుండగా, మైకు ముందు నిలబడి ఒక మనిషి ఎంత పరువు పోగొట్టుకోగలడో అంతా నేను పోగొట్టుకున్నాను. అడుగూ బొడుగూ ఏమైనా మిగిలితే అది మా అమ్మ ఊడ్చేసింది. ఈ సంగతి మా బంధువులందరికీ తెలుసు, గుడివాడలో సగంమందికి తెలుసు. తెలియనివాళ్ళు మీరే మిగిలారు. మీకూ చెప్పేస్తే, ఇంక ఎవరికి తెలుస్తుందోనన్న భయమన్నా తీరుతుంది.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. గుడివాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పేవాణ్ణి. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుండేవి, ఒకటి రాయడానికి, ఒకటి హోదాకి. సెలవు రోజు వస్తే చాలు, సాహిత్య సభల్లో తేలేవాణ్ణి. గుడివాడ, బందరు, అవనిగడ్డ, ముదినేపల్లి, ఎక్కడ పుస్తకావిష్కరణ జరిగినా ఆహ్వానపత్రంలో 'పుస్తక పరిచయం' అన్నచోట నా పేరుండేది. అలా ముప్పై పుస్తకాలదాకా పరిచయం చేసి ఉంటాను. వాటిలో చదివినవి ఎన్ని అని మాత్రం అడక్కండి.

చదవకుండా ఎలా మాట్లాడతావయ్యా అంటారేమో. దానికో పద్ధతుంది. తెలుగు పుస్తకంలో నాలుగు పేజీలు చూస్తే చాలు: వెనక అట్ట, అంకితం, ముందుమాట, చివరి పేజీ. వెనక అట్ట మీద రచయిత ఊరూ ఉద్యోగమూ ఉంటాయి, వాటితో ఐదు నిమిషాలు గడుస్తాయి. అంకితం తల్లికో తండ్రికో ఉంటుంది, కన్నవాళ్ళ గొప్పతనం మీద పది నిమిషాలు. ముందుమాటలో కథ, సందేశం, శైలి అన్నీ ఎవరో పెద్దాయన వండి వడ్డించి ఉంటారు, అదొక పావుగంట. చివరి పేజీలో ఒక వాక్యం గట్టిగా చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంటే చప్పట్లు. సభకి వచ్చే పన్నెండుమంది పెద్దమనుషులూ పుస్తకం చదివి ఉండరు కాబట్టి ఎవరికీ ఏ ఇబ్బందీ రాదు. రచయితకి ఒక్కడికే తెలుస్తుంది. ఆయన అప్పటికే శాలువా కింద ఉడికిపోతూ ఉంటాడు కాబట్టి నోరెత్తడు.

ఈ పద్ధతి ఐదేళ్ళు నిక్షేపంగా నడిచింది, దయామణి టీచరు మా ఇంటికి వచ్చేదాకా.

దయామణి టీచరు బందరులో నాకు ఎనిమిది నుంచి పది దాకా జీవశాస్త్రం చెప్పారు. మా నాన్న ఉద్యోగం అప్పుడు అక్కడే ఉండేది. ఆవిడ పాఠం చెబుతుంటే ఫ్యాను కూడా చప్పుడు చెయ్యడానికి జంకేది. పరీక్షలో బొమ్మ వంకరగా వేస్తే మార్కులు తీసెయ్యడం కాదు, పిలిచి ముందు నిలబెట్టి, "నీ ఒంట్లో ఇది ఇలాగే ఉందా?" అని అడిగేవారు. నేను ఒకసారి పుస్తకం తెరవకుండా వెళ్ళి, మనిషి గుండెకి నాలుగు గదులు గీసి, చోటు మిగిలిందని ఐదో గది కూడా గీశాను. దానికి 'అదనపు గది' అని పేరు కూడా పెట్టాను. ఆ పేపరు ఆవిడ ఏడాదిపాటు దాచి, ప్రతి సెక్షన్‌కీ చూపించారు.

అలాంటి మనిషి రిటైరై, అరవై ఎనిమిదేళ్ళ వయసులో, ఒక ఆదివారం బందరులో బస్సెక్కి గుడివాడ వచ్చి మా ముందుగదిలో కూర్చుని, సంచీలోంచి ఒక కొత్త పుస్తకం తీసి నా చేతిలో పెట్టారు. పేరు 'ఏటిగట్టు మీద ఆయన'. అట్ట మీద గట్టు, సాయంత్రం ఎండ, దూరంగా నిలబడ్డ ఒక పొడుగాటి నీడ. టీచరు నవల రాశారంటే అందులో శుచీ శుభ్రతా, పొద్దున్నే లేవడం, కూరగాయలు తినడం లాంటివి ఉంటాయని అక్కడికక్కడే నిశ్చయించుకున్నాను.

టీచరు కాఫీ కూడా ముట్టుకోలేదు. పదేళ్ళనుంచి ఎవరికీ చెప్పకుండా రాస్తున్నారట. చుట్టాలకి ఇవ్వలేదట, ఇస్తే ఏమంటారోనని. పాత విద్యార్థినులు కొంతమంది చదివి బాగుందన్నారట, కానీ వాళ్ళ మాట లెక్కలోకి రాదన్నారు.

"వాళ్ళు నా పిల్లలు. నేను బొద్దింక బొమ్మ గీసినా సీతాకోకచిలుకంటారు. నువ్వలా కాదు, సభల్లో మాట్లాడేవాడివి. చదివి, నీకేమనిపించిందో ఉన్నదున్నట్టు చెప్పు ప్రసాదూ. రెండో భాగం కూడా రాసి బీరువాలో పెట్టాను. నువ్వు చెప్పేదాన్నిబట్టి అచ్చుకిస్తాను. లేకపోతే చెదలకిస్తాను."

"అంతమాటెందుకు టీచర్" అన్నాను.

"భయంగా ఉందిరా. నవ్వుతారేమోనని" అన్నారావిడ. మూడేళ్ళు మమ్మల్ని గజగజలాడించిన మనిషి నోట భయం అన్న మాట వినేసరికి నాకు ఏదోలా అయింది. తప్పకుండా ప్రతి అక్షరం చదువుతానని మాటిచ్చాను. ఆ క్షణాన నిజంగానే చదువుదామనుకున్నాను. ఆ క్షణం ఆవిడ బస్సెక్కేదాకా ఉంది.

బందరులో ఆవిష్కరణ సభకి, అందులో నా పరిచయానికి పదిహేను రోజులు గడువు. మొదటి వారం పేపర్లు దిద్దాను. రెండో వారం క్రికెట్ చూశాను. పుస్తకం ఫ్రిజ్ మీద పడి ఉంది. ఆ పదిహేను రోజుల్లో మా ఇంట్లో కొన్ని వింతలు జరిగాయి. పప్పు రెండుసార్లు మాడింది. చేపలమ్మే ఆవిడ వీధిలోకి వస్తే మా అమ్మ, "వద్దులేమ్మా, పాపం" అని వెనక్కి పంపించేసింది. కొరమీను పులుసు పెడితే పక్కవాటా వాళ్ళు గిన్నె పట్టుకొచ్చేంత పేరున్న మనిషి, కాబేజీతో సరిపెట్టింది. ఇవన్నీ కళ్ళముందే జరిగినా నాకేమీ తోచలేదు. తోచే బుర్రే ఉంటే ఈ కథ ఉండేది కాదు.

సభ రోజు పొద్దున్నే అమ్మా నేనూ బస్సెక్కాం. నేను మాట్లాడుతుంటే చూడాలని ఎప్పుడూ అడగని అమ్మ, ఆరోజు తనంతట తనే పట్టుచీర కట్టుకుని బయల్దేరింది. కొడుకు ప్రతిభ ఇన్నాళ్ళకి గుర్తించిందని పొంగిపోయాను. గుడ్లవల్లేరు దాటాక పుస్తకం తీసి నా నాలుగు పేజీలూ చూసుకున్నాను. వెనక అట్ట: దివిసీమలో పుట్టి, బందరులో జీవశాస్త్రం బోధించి రిటైరైన రచయిత్రి. అంకితం: 'ఈత నేర్పిన మా నాన్నకి'. ముందుమాట రాసినవారు పానకాలరావుగారు. ఈయన గుడివాడలో రిటైర్డ్ ప్రిన్సిపాలు, మా జిల్లాలో అచ్చయ్యే ప్రతి పుస్తకానికీ ముందుమాట రాస్తారు. 'ఈ నవల డెల్టా రైతు బతుక్కి పట్టిన అద్దం. ఏటిగట్టు మీద నిలబడ్డ ఈ ఆయన ఎవరు? మీరే, నేనే, మన తండ్రులే' అని రాశారు. చివరి పేజీలో ఇలా ఉంది: 'నీలవేణి ఆఖరి మెట్టు దిగింది. ఆయన చెయ్యి అందించాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయి.'

డెల్టాలో పుట్టినవాడికి పుస్తకంలో నీళ్ళు కనబడితే కాలవలు తప్ప ఇంకేం తోస్తాయి? దివిసీమ అన్నారు, రైతన్నారు, నీళ్ళన్నారు. శివారు పొలాలకి నీళ్ళందని సమస్య అని అర్థమైపోయింది. నీలవేణి చెయ్యి పట్టుకుంది కాబట్టి కూతురు. అంకితం నాన్నకి కాబట్టి అదీ సరిపోయింది. పెడన వచ్చేసరికి ఉపన్యాసం తయారు. మిగతా దారంతా హాయిగా నిద్రపోయాను.

హాలు ఒక లైబ్రరీ మేడ మీద. లోపల అడుగుపెట్టగానే, తప్పు సభకి వచ్చామేమో అనుకున్నాను. మామూలుగా వచ్చే పన్నెండుమంది పెద్దమనుషులు వెనకవరసలో ఒక మూలకి ఒదిగి ఉన్నారు. మిగతా హాలంతా ఆడవాళ్ళు. నర్సులు, టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, అవనిగడ్డనుంచీ నాగాయలంకనుంచీ ఆటోలు మాట్లాడుకుని వచ్చినవాళ్ళు. ప్రతివాళ్ళ ఒళ్ళోనూ పుస్తకం, దానికి న్యూస్‌పేపరుతో అట్ట. ఇంట్లోవాళ్ళకి కనబడకుండా వేసిన అట్టలని నాకు తెలియదు కదా, టీచరుగారి శిష్యురాళ్ళు ఎంత పొందికగా ఉన్నారో అనుకున్నాను.

పానకాలరావుగారు అధ్యక్షులు. ఆయన పక్కన టీచరు, ఇస్త్రీ చీరలో, చేతిరుమాలు నలుపుకుంటూ. నన్ను పిలిచేటప్పుడు ఆవిడ నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పరీక్ష రాసి ఫలితం కోసం నిలబడ్డ పిల్ల చూపు అది.

నేను మైకు సవరించుకుని మొదలుపెట్టాను. ఊరూ ఉద్యోగమూ ఐదు నిమిషాలు, నాన్నగారి గొప్పతనం పది నిమిషాలు. ఇంక కథలోకి దిగాను.

"ఈ ఆయనకి నీళ్ళు లేకపోతే బతుకు లేదు" అన్నాను.

హాలంతా తలలూపింది. నాకు ఊపొచ్చింది. ఆయన ఒంటిమీద చొక్కా ఉండదన్నాను. ముందువరసలో ఇద్దరు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని సిగ్గుపడ్డారు. ఆయన దగ్గరికి వస్తే మట్టివాసన వేస్తుందన్నాను. ఎవరో గట్టిగా నిట్టూర్చారు. ఆహా, మన ఆడవాళ్ళకి రైతంటే ఎంత ప్రేమ అని మనసులో కళ్ళొత్తుకున్నాను. ఆ ప్రేమ చూసి రెచ్చిపోయి, శివారు కాలవల పూడికతీత మీద, తూములకి షట్టర్లు లేకపోవడం మీద ఇరవై నిమిషాలు మాట్లాడాను. తలలూపడం ఆగిపోయింది. ఒకరి ముఖాలొకరు చూసుకోవడం మొదలైంది. ఇదంతా ఆలోచనలో పడ్డ లక్షణమనుకుని, చివరి పేజీ తెరిచి, కళ్ళజోడు తీశాను.

"నీలవేణి ఆఖరి మెట్టు దిగింది. ఆయన చెయ్యి అందించాడు. ఇంతకంటే గొప్ప తండ్రీకూతుళ్ళ అనుబంధం తెలుగు నవలలో నేను చూడలేదు."

చప్పట్లు రాలేదు. ఒకావిడ మెల్లిగా, "ప్రభువా" అంది.

మూడో వరసలోంచి ఒకావిడ లేచింది. అవనిగడ్డలో స్టాఫ్ నర్సునని, పేరు సుజాతని, టీచరుగారి దగ్గరే చదివానని చెప్పింది. చాలా మర్యాదగా అడిగింది.

"నీలవేణి ఆయనకి ఏమవుతుందన్నారండీ?"

"కూతురండీ."

"మరి పదకొండో అధ్యాయం సంగతేంటండీ?"

పదకొండో అధ్యాయంలో ఏముందో నాకేం తెలుసు. కానీ మైకు ముందు తెలియదనడం నా పద్ధతిలో లేదు. "ఆ అనుబంధానికి అది పరాకాష్ఠ అండీ" అన్నాను.

హాల్లో సగంమంది తలొంచుకున్నారు. మిగతా సగం కుర్చీలు పట్టుకున్నారు. సుజాత కూర్చోలేదు. ఆపరేషన్‌కి ముందు రోగి వివరాలు రాసుకునే మనిషి కదా, వదల్లేదు.

"ఆయన వీపు మీద ఏముంటుందండీ?"

"బాధ్యతల బరువండీ."

"మెడకి రెండువైపులా?"

"కండువా అండీ."

అప్పుడు రెండో వరసలో మా అమ్మ లేచింది. పట్టుచీర చెంగు భుజం చుట్టూ కప్పుకుని, చేతిలో ఒక పుస్తకం. ఫ్రిజ్ మీద నేను చదవకుండా వదిలేసిన పుస్తకం చదివి, అది నా దగ్గరుండాలి కదా అని ప్రతులు అమ్మిపెడుతున్న ఈ సుజాతకి ఫోన్ చేసి తనకంటూ ఇంకోటి తెప్పించుకుందని తర్వాత తెలిసింది. ఆ నవల చదివినవాళ్ళకి వాట్సాప్ గ్రూపు ఉందట. మా అమ్మ అందులో అప్పటికి పదిరోజులుగా సభ్యురాలట.

"ఒరే ప్రసాదూ, ఇంక కూర్చో. ఆయనకవి మొప్పలురా" అంది.

ఆ తర్వాత రెండు నిమిషాల్లో అయిదారుగురు ఆడవాళ్ళు కలిసి నాకు కథ చెప్పారు. ఆయన రైతు కాదు. ఆయన అసలు మనిషే కాదు. నాగాయలంక దిగువన మడఅడవిలో, ఉప్పునీళ్ళూ మంచినీళ్ళూ కలిసేచోట వెయ్యేళ్ళుగా బతుకుతున్న రాక్షసుడు. ఏడడుగుల ఎత్తు, ఒళ్ళంతా పొలుసులు, వీపు మీద ముళ్ళరెక్క. నీలవేణి గ్రామ సచివాలయంలో ఉద్యోగి. ఆయనకి ఆధార్ కార్డు ఇప్పించబోతే వేళ్ళ మధ్య తోలు ఉండటం వల్ల వేలిముద్ర పడదు. ఆరు అధ్యాయాలు వేలిముద్ర కోసం ఆమె ఆఫీసుల చుట్టూ తిరగడంలోనే ప్రేమ పుడుతుంది. నలభయ్యో పేజీలో టీచరుగారు స్వయంగా వేసిన బొమ్మ ఉంది, బాణాలతో సహా: 'పటం ఒకటి, ఆయన మొప్పలు, పక్కనుంచి'. పుస్తకం ఊరికే తిరగేసినా కనబడేంత పెద్ద బొమ్మ. నా నాలుగు పేజీల్లో అదొక్కటే లేదు.

హాలు అప్పుడు నవ్వింది. అలా ఇలా కాదు, వెనకవరస పెద్దమనుషులతో సహా పడీపడీ నవ్వింది. నేను దిక్కులేక పానకాలరావుగారి వైపు వంగి, రైతని మీరే కదండీ రాశారు అన్నాను. ఆయన మైకు చేత్తో మూసి, చెవిలో చెప్పారు.

"నేను అట్ట చూసి రాశానయ్యా. నువ్వు నన్ను చూసి మాట్లాడితే ఎలా?"

అంతవరకూ బాగానే ఉంది. నా పరువు పోతే పోయింది, అదేమంత పెద్ద ఆస్తి కాదు. కానీ టీచరువైపు చూశాను. ఆవిడ నవ్వడం లేదు. హాలు నవ్వుతోంది నన్ను చూసి, కానీ ఆవిడకి వినబడుతున్నది పదేళ్ళుగా భయపడ్డ ఆ నవ్వే. చేతిరుమాలు మడతపెట్టి సంచీలో పెట్టుకుని, మైకులో కాకుండా నాకు మాత్రమే వినబడేలా అన్నారు.

"అప్పుడు గుండెకి ఐదో గది గీశావు. ఇప్పుడు నా పుస్తకంలో కాలవ తవ్వావు. పోనీలే. నువ్వు కూడా చదవలేకపోయావంటే ఇందులో ఏమీ లేదనేగా. రెండోది బీరువాలోనే ఉంటుంది."

నాకు సిగ్గేసింది. నవ్వించడానికి చెప్పే మాట కాదిది, ఒళ్ళంతా కుంచించుకుపోయేంత సిగ్గేసింది. టీచర్, నేను చదవలేకపోలేదు, చదవనే లేదు అన్నాను. మైకు దగ్గరే ఉండటం వల్ల అది అందరికీ వినబడింది. బహుశా ఆ వేదిక మీద నేను చెప్పిన మొదటి నిజం అదే.

టీచరు సంచీ కింద పెట్టారు. తర్వాత పాత గొంతుతో, "అయితే ఇప్పుడు చదువు. నిలబడి చదువు. పదకొండో అధ్యాయం" అన్నారు.

క్లాసులో పాఠం అప్పజెప్పనివాడికి వేసే శిక్షే. పుస్తకం తెరిచాను. మా అమ్మ ముందు, నా సభలు చూసిన పెద్దమనుషుల ముందు, మొప్పలున్నవాడి ప్రేమ గట్టిగా చదవాలి. చెవులు కాలిపోతున్నాయి. మొదలుపెట్టాను.

'ఆయన నీళ్ళలోంచి తల మాత్రం బయటపెట్టాడు. "ఏమీ అనుకోకపోతే ఒక మాటండీ. నేను గాలిలో నాలుగు నిమిషాలకి మించి ఉండలేనండీ" అన్నాడు. నీలవేణి చెప్పులు గట్టుమీద విడిచి, ఐడీ కార్డు తీసి చెప్పుల్లో పెట్టింది. "నేను నీళ్ళలో ఒక్క నిమిషానికి మించి ఉండలేనండీ" అంది. ఆయన ఆలోచించాడు. "అయితే మనకి ఐదు నిమిషాలున్నాయండీ" అన్నాడు.'

రాక్షసుడైనా దివిసీమవాడు కదా, అండీ లేకుండా మాట రాదు. అక్కడ నవ్వుదామనుకున్నాను. నవ్వు రాలేదు. ఆ ఐదు నిమిషాల్లో వాళ్ళు నడుములోతు నీళ్ళలో నిలబడి ఏం మాట్లాడుకున్నారో తెలుసుకోవాలనిపించి పేజీ తిప్పాను. పదకొండో అధ్యాయం అయిపోయింది. టీచరు చాలన్నారు. నేను వినిపించుకోకుండా పన్నెండోది మొదలుపెట్టాను. అందులో తుఫాను హెచ్చరిక వస్తుంది, ఊరు ఖాళీ చేయమంటారు. నీలవేణి పేర్లు రాసుకుంటూ ఇల్లిల్లూ తిరుగుతుంది, కానీ ఆయన పేరు ఏ జాబితాలోనూ లేదు. నాకు దాహం వేసింది, నీళ్ళు తాగలేదు. పానకాలరావుగారు పద్నాలుగో అధ్యాయంలో చెప్పులు విప్పేసి, కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నారు.

ఒంటిగంటకి హాలు ఇంకో సభవాళ్ళకి ఇవ్వాలి. ఎవరో ఉద్యోగ విరమణ సన్మానం. దండలూ జ్ఞాపికలూ పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చారు. ఎవరూ లేవకపోవడంతో ఒక్కొక్కరే గోడవారగా నిలబడ్డారు, తర్వాత మెల్లిగా కింద కూర్చున్నారు. మెడలో గులాబీల దండతో రిటైరవుతున్న పెద్దాయన పక్కావిడని, "ఆ అమ్మాయికి ఈతొచ్చాండీ?" అని అడగడం నాకు వినబడింది. రాదని ఆవిడ చెప్పింది. ఆయన దండ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

చివరి పేజీకి వచ్చాను. పొద్దున్న బస్సులో చదివిన అవే మూడు వాక్యాలు. 'నీలవేణి ఆఖరి మెట్టు దిగింది. ఆయన చెయ్యి అందించాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయి.' ఈసారి కళ్ళజోడు తియ్యాల్సి వచ్చింది, నిజంగానే తడిసింది. పుస్తకం మూసి, హాలు సంగతి మర్చిపోయి, టీచరువైపు తిరిగాను.

"అదేంటి టీచర్, ఒక్క నిమిషమే కదా ఉండగలదు. ఊపిరెలా? తర్వాతేమైంది?"

"అది రెండో భాగంలో ఉంది" అన్నారు టీచరు.

"అయితే ఇవ్వండి, ఇప్పుడే చదువుతాను" అన్నాను. చెయ్యి కూడా చాపాను.

టీచరు నా చెయ్యి చూశారు. పదోతరగతిలో బొమ్మ సరిగ్గా వేసినప్పుడు ఏడాదికోసారి కనబడే చిన్న నవ్వు కనబడింది. "నీ అభిప్రాయం ఇప్పుడు చెప్పావురా" అని, మైకు తీసుకుని, రెండో భాగం అచ్చుకి ఇస్తున్నట్టు ప్రకటించారు. చప్పట్లకి వెంటిలేటర్లో పావురాలు లేచిపోయాయి. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది సన్మానానికి వచ్చిన పెద్దాయన.

మెట్లు దిగుతూ, చేతిలో హల్వా ముక్కలతో ఆడవాళ్ళు చెప్పుకున్న అభిప్రాయాలు నా పరిచయం కంటే వందరెట్లు నయం. దివిసీమ మొత్తం మీద తిన్న కంచం తనే కడిగే మగాడు ఆయనొక్కడే అంది సుజాత. అంతా బాగానే ఉంది గాని ఇంటికి తీసుకొస్తే ఆ బురదెవరు కడుగుతారని ఒక బ్యాంకు ఆవిడ అడిగింది. పొలుసులు రాలతాయా రాలవా అని పెద్ద చర్చ జరిగి, ఏడాదికోసారే రాలతాయని నలభయ్యో పేజీ చూపించి తేల్చారు. మా అమ్మ ఏమంటుందోనని చెవులు రిక్కించాను. "ఏం చెప్పినా చివరిదాకా వింటాడమ్మా. అది చాలదూ" అంది. అని నావైపు చూసింది. బస్సులో గుడివాడ దాకా నాతో మాట్లాడలేదు.

టీచరు కొంత తిరగరాసి, ఏడాదికి రెండో భాగం తెచ్చారు. ఈసారి అట్టనుంచి అట్టదాకా చదివాను. ముప్పయ్యో పేజీ వరకు ఆనందంగానే ఉన్నాను. ముప్పై ఒకటిలో గుడివాడ వైపు కాలవలోంచి ఒక కొత్త రాక్షసుడు పైకొచ్చాడు. వాడికి నోళ్ళు రెండు, కళ్ళు మాత్రం లేవు. చూడని ఊళ్ళ గురించి, తినని వంటల గురించి రెండు నోళ్ళతో ఒకేసారి మాట్లాడతాడు. వాడు మాట్లాడినచోటల్లా పూడిక పేరుకుంటుంది. పక్కనే బొమ్మ, బాణాలతో: పై నోరు, కింది నోరు, కళ్ళు ఉండవలసిన చోటు. ఛాతీ మీద రెండు సన్నని ముళ్ళు, సరిగ్గా చొక్కా జేబు ఉండేచోట. మా అమ్మ ఆ బొమ్మ చూసి, నా చొక్కాలోంచి ఒక పెన్ను తీసి తన సంచీలో వేసుకుంది.

పుస్తకం బాగా పోయింది. చదివినవాళ్ళందరికీ ఎవరు నచ్చారని గ్రూపులో అడిగితే, మొప్పల ఆయన కంటే రెండు నోళ్ళవాడికే ఎక్కువ ఓట్లొచ్చాయట. జాలేసిందట. రెండు భాగాల్లోనూ తోడు లేనివాడు వాడొక్కడే. ఆ జాలి పట్టుకుని నేను బందరు వెళ్ళాను. టీచరు ముందు చేతులు కట్టుకుని నిలబడి, మూడో భాగంలోనైనా వాడికొక అమ్మాయిని చూడమని అడిగాను.

టీచరు మామిడికాయ ముక్కలు ఎండబెడుతున్నారు. తలెత్తకుండానే చెప్పారు.

"ముందు కళ్ళు రానీరా."

ఈమధ్యే మూడో భాగం రాతప్రతి నాకు పంపించారు, ముందుమాట రాయమని. రెండుసార్లు చదివాను. నూట నాలుగో పేజీలో వాడి బొమ్మ మళ్ళీ ఉంది. నోళ్ళు రెండూ అలాగే ఉన్నాయి గాని, నుదుటి మీద ఒక చిన్న చుక్క పెట్టి బాణం గీశారు. బాణం చివర 'కన్ను, మొలక దశ' అని రాశారు.

కాబట్టి మీ అందరి సాక్షిగా చెబుతున్నాను. చదవని పుస్తకం గురించి ఈ జన్మలో నోరు విప్పను. పై నోరూ విప్పను, కింది నోరూ విప్పను.